ఎర్ర పెరుగు కొన్నవాళ్ళు

కెనడా వచ్చిన కొత్తలో నా రెజ్యుమే వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. గుంటూరు దగ్గర పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేశానని రాసుకుంటే, ఆ డెయిరీ ఏదో, ఆ ఊరెక్కడో ఇక్కడివాళ్ళకేం పట్టింది? చివరికి బ్రాంప్టన్‌లో గోడౌన్ల మధ్య, లారీలు బాగుచేసే షెడ్డు పక్కన చిన్న పెరుగు యూనిట్ నడుపుతున్న రష్యన్ పెద్దాయన ఒక్కడే నన్ను లోపలికి పిలిచాడు. పాలు వేడిచేసే తొట్టి దగ్గర నిలబెట్టి, "వాసన చూసి చెప్పు, ఎలా ఉన్నాయి?" అన్నాడు. "అడుగు అంటబోతున్నాయి" అన్నాను. గబగబా మంట తగ్గించి, మర్నాటినుంచి పనికి రమ్మన్నాడు.

మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. దాంతో అనవసరపు మాటలు ఉండేవి కావు. ఆయనకి అరవై దాటి చాలా ఏళ్ళయింది. భార్య పోయింది. పిల్లలు లేరు. మనిషి మొండి. కొట్టుకి వచ్చినవాళ్ళ మొహం చూసి నవ్వడం కూడా దండగ ఖర్చు అనుకునే రకం. ముందు గదిలో కౌంటరు, వెనక యూనిట్. అక్కడ మూడు రకాల సరుకు తయారయ్యేది. ఒకటి కెఫీర్, పులిసిన చిక్కటి మజ్జిగలాంటిది. రెండోది పాలు విరిచి కట్టిన ముద్ద, త్వోరోగ్ అంటారు. మూడోది ర్యాజెంకా. అంటే పాలని సన్నని సెగమీద రోజంతా మరగనిచ్చి, ఎర్రబడ్డాక తోడుపెట్టిన పెరుగు.

మొదటిసారి ఆ మూడోదాన్ని చెంచాతో నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగానే ఏడ్చాను. పిడకల దాలి మీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రగా, మందపాటి మీగడతో దిగేదే, ఆ పాల పెరుగు రుచి అది. గ్యాస్ పొయ్యిలు వచ్చాక మావైపు ఆ రుచి పోయింది. రష్యావాళ్ళ ఓవెన్‌లో దొరుకుతుందని ఎవరనుకుంటారు? పెద్దాయన నావైపు చిరాగ్గా చూసి, "పులిసిందా?" అని అడిగాడు.

ఆయన వ్యాపారం అప్పటికే జారుడు మీదుంది. కొనేవాళ్ళంతా టొరంటో ఉత్తరపు వైపునుంచి వచ్చే రష్యన్ ముసలివాళ్ళు. ఒక్కొక్క చలికాలం దాటేసరికి వాళ్ళలో కొన్ని మొహాలు కనబడకుండా పోయేవి. వాళ్ళ పిల్లలు పెద్ద సూపర్‌మార్కెట్లలో స్ట్రాబెర్రీ కెఫీర్ కొనుక్కునేవాళ్ళు. కెఫీర్‌కి ఇప్పుడు ఇక్కడ మహా గిరాకీ. కడుపుకి మంచిదని, ప్రోటీన్ ఉందని జిమ్‌కెళ్ళే కుర్రకారంతా తాగుతారు. ఒక పెద్ద స్టోర్ల తాలూకు మనిషి మా దగ్గరికీ వచ్చాడు. పులుపు తగ్గించాలన్నాడు, పంచదార కలపాలన్నాడు, నెలలు గడిచినా మూత ఉబ్బకూడదన్నాడు. "అది బతికున్న సరుకు, ఉబ్బుతుంది" అని పెద్దాయన అతన్ని గుమ్మందాకా సాగనంపాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. డబ్బా మీద రష్యన్ అక్షరాలు చూసి కొందరు తీసినది మళ్ళీ అక్కడే పెట్టేసేవాళ్ళు. ఉక్రెయిన్‌నుంచి వచ్చిన ఒకావిడ ర్యాజెంకా రుచి చూసి, కళ్ళు తుడుచుకుని, "ఇది మాది, మీరెలా మీదంటారు?" అని అడిగి కొనకుండానే వెళ్ళిపోయింది. ఆ రాత్రే పెద్దాయన లేబుళ్ళన్నీ మార్చడానికి ఆర్డరిచ్చాడు. కొత్త డబ్బా మీద ఏ భాషా లేదు, పాలకుండ బొమ్మ ఒక్కటే. నాకు ఆ బొమ్మ డబ్బాలు చూస్తే జాలేసేది. ఎవరిదీ కానట్టు ఉండేవి.

ఇలాంటి రోజుల్లో మావాళ్ళు వచ్చారు. ఉగాదికి ఇక్కడి హాల్లో తలా ఒక వంటకం పట్టుకెళతాం. నేను ర్యాజెంకాతో దద్దోజనం కలిపి తీసుకెళ్ళాను. గిన్నె అడుగు గీకేశారు. పెరుగెక్కడిదని ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు. ఇక్కడి తెలుగువాళ్ళ పెరుగు కష్టాలు బయటివాళ్ళకి చెప్పినా అర్థంకావు. చలికి పెరుగు తోడుకోదు. దుకాణం పెరుగేమో జావలా ఉంటుంది. మంచి తోడు ఎవరింట్లో ఉందంటే వాళ్ళింటికి గిన్నె పట్టుకుని అరగంట డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవాళ్ళున్నారు. ఆ వారంలోనే వాట్సాప్ గ్రూపుల్లో మా యూనిట్ అడ్రస్ తిరిగింది. శనివారం వచ్చేసరికి లారీల షెడ్డు దాకా కార్లు. ఓక్‌విల్ అనే పక్క ఊరినుంచీ వచ్చారు. "దాలి పెరుగండీ, అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే ఉంది" అని కౌంటరు ముందే మూత తీసి వేలు పెట్టి నాకినవాళ్ళున్నారు.

పెద్దాయన మొదట బెదిరిపోయాడు. తర్వాత ఆయన నవ్వడం నేను చూశాను. "ఏమంటున్నారు?" అని ప్రతి ఒక్కరి మాటా నాచేత చెప్పించుకునేవాడు. అట్టముక్క తెచ్చి, "మీ భాషలో దీని పేరు రాయి" అన్నాడు. 'ఎర్ర పెరుగు' అని రాశాను. ఆ అట్టని కౌంటరు మీద పెట్టి వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకొచ్చి సరిచేశాడు. ఎన్నాళ్ళకో డబ్బాకి ఒక పేరు దొరికింది.

ఆ వేసవంతా ఊపిరాడలేదు. పాత తొట్టి చాలక మధ్యాహ్నానికే సరుకు అయిపోయేది. అప్పుడే ఆయన పెద్ద తొట్టి కొనాలనే నిర్ణయానికొచ్చాడు. అందుకోసం సరస్సు పక్కనున్న తన తోట అమ్మేస్తానన్నాడు. ఆ తోట సంగతి నాకు తెలుసు. చిన్న చెక్క ఇల్లు, బంగాళదుంపల మళ్ళు, ఆయన భార్య నాటిన పళ్ళ పొదలు. యూనిట్ ఎవరికైనా అప్పగించేసి చివరి రోజులు అక్కడ గడపాలన్నదొక్కటే ఆయన కోరిక.

"అంత తొందరేం వచ్చింది? ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాను.

"ఎన్నాళ్ళు చూడను? నావాళ్ళు చచ్చిపోతున్నారు. నీవాళ్ళు కుర్రాళ్ళు. రోజూ పెరుగు తింటారని నువ్వే అన్నావుగా?"

"తింటాం. పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు మాకు."

అందులో అబద్ధం లేదు. ఆయన తోట అమ్మేశాడు.

పెద్ద తొట్టి బిగించేసరికి ఆకులు రాలుతున్నాయి. శనివారాలు కార్లు తగ్గాయి. పండగలకి ఊళ్ళు తిరుగుతున్నారేమో అనుకున్నాం. మంచు మొదలైంది, మంచు వల్లేమో అనుకున్నాం. ఆయన ధర తగ్గించాడు. చిన్న డబ్బాలు పెట్టాడు. నన్ను పదేపదే రుచి చూడమనేవాడు. తొట్టి మారినందుకు రుచి మారిందేమోనని ఆయన అనుమానం. పాలు ఇంకాస్త ఎర్రబడాలేమోనని సెగ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. అమ్ముడుపోని సరుకు మోరీలో పారబోసేటప్పుడు నన్ను బయటికి పంపేసేవాడు. పెరుగు పారబోస్తుంటే చూడలేకపోతున్నానని కనిపెట్టాడు కాబోలు. ఆయనెలా చూడగలిగాడో నాకు తెలియదు.

అసలు సంగతి నాకు బ్రాంప్టన్‌లోనే ఒక ఆంటీ వాళ్ళింట్లో తెలిసింది. మొదటి శనివారమే మా కొట్టుకొచ్చినవాళ్ళలో ఆవిడ ఒకరు. నలుగురికీ పెట్టే చెయ్యి. సత్యనారాయణ వ్రతం చేసుకుని భోజనానికి పిలిచారు. చివర్లో పెద్ద స్టీలు గిన్నెతో పెరుగొచ్చింది. ఎర్రగా, గరిటె పెడితే విరిగేంత గట్టిగా ఉంది.

"మా కొట్టుదేనా ఆంటీ?" అన్నాను, సంబరంగా.

"మీ కొట్టుదే తల్లీ. ఉగాది తర్వాత తెచ్చిన డబ్బా ఉందే, దాంతోనే తోడేసుకుంటూ వస్తున్నా. పాలు స్లో కుక్కర్‌లో పడేసి ఆఫీసుకెళ్ళిపోతే సాయంత్రానికి ఎర్రగా అయిపోతాయి. అబ్బ, ఏం తోడమ్మా అది! ఒక్కసారి కూడా చెడలేదు."

"మళ్ళీ కొనలేదా?"

"ఎందుకూ? తోడుంటే చాలుగా. ఇక్కడున్నవాళ్ళందరికీ నేనే ఇచ్చాను, కావాలంటే అడుగు."

పక్కనున్నావిడ తలూపింది. ఆ పక్కావిడా తలూపింది. ఓక్‌విల్‌లో వాళ్ళ చెల్లెలికీ పంపానని ఒకావిడ అంది. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూస్తున్నారు, అంత మంచి తోడు చూపించినందుకు.

అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాను. ఇదేమన్నా తెలియని సంగతా? పెరుగు కొనడం ఏమిటి మనం! పుట్టినప్పటినుంచీ చూస్తున్నదేగా, ఇంట్లో తోడు చెడితే పక్కింట్లో అడిగి తెచ్చుకోవడం. పాలు కొంటాం, పెరుగు చేసుకుంటాం. యూనిట్‌నుంచి రోజూ ఊరికే ఒక డబ్బా ఇంటికి తెచ్చుకుంటూ నేను తోడు పెట్టడమే మానేశాను. దాంతో నావాళ్ళెలా బతుకుతారో నాకే గుర్తులేకుండా పోయింది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. వాళ్ళు చేసింది తప్పు కాదు. నలుగురూ పంచుకున్నారు. ఎక్కడైనా అది మంచితనమే. వాళ్ళ మంచితనం మీద నాకు ఒళ్ళుమండిపోయింది.

రెండు రోజులు నాన్చి, చివరికి ఆయనకి చెప్పాను. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెంచా పెరుగుతో మావాళ్ళు ఏం చేస్తారో చేతులతో చూపిస్తూ చెప్పాను. ఆయనకి తెలియని విద్యేం కాదు, ఇంట్లో చేసుకోవచ్చని తెలుసు. ఇంతమంది, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, ప్రతి రోజూ చేసుకుంటారని మాత్రం అనుకోలేదు. ఆయన మనుషులు ఎప్పుడో మానేసిన పని అది.

"అయితే నచ్చింది" అన్నాడు.

"చాలా నచ్చింది."

లారీల షెడ్డులో ఎవరో ఇనుము కొడుతున్నారు.

"బాగాలేదని మానేసి ఉంటే బాగుచేసేవాణ్ణి. ఇన్ని నెలలూ ఆ పనే చేస్తున్నాను. ఏం తేడా వచ్చిందా అని వెతుకుతున్నాను. ఏ తేడా లేదన్నమాట" అన్నాడు. "ఇప్పుడు నేనేం చెయ్యను? చెడగొట్టనా?"

తోడుకు పనికిరాకుండా చేసే మార్గాలున్నాయి. తోడుపెట్టాక మళ్ళీ వేడిచేస్తే అందులో ప్రాణం పోతుంది, ఎన్నాళ్ళయినా నిలవ ఉంటుంది, ఎవరింట్లోనూ తోడుకోదు. పెద్ద కంపెనీలు కొన్ని రకాల సరుకు అలాగే అమ్ముతాయి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

చలికాలం అయ్యేలోపే యూనిట్ మూసేశాడు. పెద్ద తొట్టిని పళ్ళ రుచులతో కెఫీర్ చేసే కంపెనీవాళ్ళు కొనుక్కుపోయారు. దాన్ని గుమ్మంలోంచి బయటికి తియ్యడం కుదరక గోడ కొంత పగలగొట్టాల్సొచ్చింది. చలిగాలి కొడుతున్న ఆ సందులో నిలబడి ఆయన కూలీలకి ఎటు వంచాలో చెబుతున్నాడు, గీత పడకూడదని జాగ్రత్తలు చెబుతున్నాడు. నాకు పనిచేసినట్టు లెటర్ ఇచ్చాడు, చెయ్యి కలిపాడు. ఇప్పుడాయన ఒకరింట్లో బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ పెద్ద గోడౌన్‌లో పెట్టెలకి టేపు వేస్తున్నాడు. ఆ వయసులో నిలబడి చేసే పని అది. ఒకసారి బస్సులో కనిపించాడు. కాళ్ళు వాచాయి, బూట్ల తాళ్ళు కట్టుకోలేదు. తోటలో ఈపాటికి పొదలు చిగురించి ఉంటాయని అన్నాడు. ఎవరో కొనుక్కున్నవాళ్ళ తోట గురించి అలా మాట్లాడుతుంటే నాకు దిగులేసింది. నా స్టాప్ రాకముందే దిగిపోయాను.

మొన్న ఆంటీ ఫోన్ చేశారు. కులాసా కబుర్లయ్యాక అసలు విషయానికొచ్చారు.

"తోడు జిగురొచ్చేసిందమ్మా. అందరిదీ అంతే అయింది, నా దగ్గర తీసుకెళ్ళిందేగా. మీ కొట్టునుంచి ఒక్క డబ్బా తెచ్చిపెడతావా?"

"కొట్టు మూసేశారాంటీ. చాలా రోజులైంది."

"అయ్యో! ఒక మాట ముందే చెప్తే ఇంకో డబ్బా కొని ఫ్రీజర్‌లో పడేసుకునేదాన్ని కదా." ఆవిడ నిజంగానే బాధపడుతున్నారు, గొంతులో తెలుస్తోంది. "పాపం, ఎంత బాగా చేసేవాడు! మనవాళ్ళంతా ఒకటే మెచ్చుకునేవాళ్ళు. అంత మంచి గిరాకీ పెట్టుకుని ఎందుకు మూసేశాడమ్మా?"

నేను తెలియదన్నాను.