అరచేతిలో చెరువు వాసన

పిల్లల సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు సముద్ర పరిశోధన కేంద్రంలోని అక్వేరియం చూశాం. పిల్లలు రంగు చేపల వెంట పడ్డారు. మా నాయిన మాత్రం మూతలేని తొట్టిలో చేయి ముంచి, నీళ్లు వాసన చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిడతాడనుకున్న ఉద్యోగి నవ్వాడు. "నేనూ రోజూ అంతేనండి. నీళ్లు పరీక్షించే మీటరు పెట్టేముందు ముక్కు పెడతాను. మీకెవరు నేర్పారండీ?"

"మాది పటాన్‌చెరు దిక్కు సార్. కంపెనీలొచ్చి వాటి మురుగు కలిసినంక, చెరువు నీళ్లు వాసన సూసినంకనే పొలానికి పెడ్తుంటిమి."

కారెక్కాక నాయిన అరచేతిని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చేయి కడుక్కో నాయినా."

"ఉండనీ బిడ్డా. చిన్నప్పుడు మా చెరువుల ఈత కొట్టొస్తే, ఒళ్లంత గిదే చేపల వాసన."