గోడ అవతలికి వినబడిన రొట్టెల చప్పుడు

సిద్దిపేటకు కోడలిగా వచ్చి పదకొండేళ్లయింది. నేను కొట్టిన జొన్నరొట్టె అంచులు విరగని రోజు లేదు. ఈ రోజు మా పాప సొరకాయ, క్యారెట్ తురిమి ఇచ్చింది. మోకాళ్ల నొప్పితో వారం నుంచి కుర్చీకే పరిమితమైన మా అత్తమ్మ చూసి, "ఉత్త పిండే నిలవది నీకు. కూరగాయ కలిపితె ఇంకింత ఇరుగుతది," అని ముందే తీర్పు చెప్పేసింది.

నేను వినలేదు. తురుమును నీళ్లలో మెత్తగా ఉడికించి, అందులోనే పిండి పోసి, వేడి మీదే పిసికాను. పీట మీద పెట్టి చరిచాను. అంచు చీలలేదు! రెండోదీ చీలలేదు. మూడోదానికి చేతికి ఊపొచ్చింది.

అంతలో గోడ అవతలి నుంచి పక్కింటామె కేకేసింది.

"ఏందక్కా, మోకాళ్లు మంచిగైనయా? రొట్టెలు కొడుతున్నవ్!"

అత్తమ్మ వీధంతా వినబడేట్టు అరిచింది. "నేను గీడ కుర్చీల కూసున్న! కొట్టేది మా కోడలు!"

ఆ ఊపులో ఇంకో ఆరు కొట్టేశాను. తినడం అయ్యాక అత్తమ్మ చేయి కడుక్కుంటూ, "నా మోకాళ్లు మంచిగైనా ఇగ రొట్టెలు నువ్వే కొట్టు," అంది.

గెలిచాననే అనుకుంటున్నాను. మీరేమంటారు?