మీతో ఎవరొచ్చారు?

ఆ రోజు నీళ్లలో నా కాళ్లు నా మాట వినలేదు.

మియాపూర్‌లో నేను అద్దెకుండే అపార్ట్‌మెంట్ వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. ఆఫీసుకు వెళ్లేముందు అక్కడ ఈత నేర్చుకునేదాన్ని. నేర్పే కోచ్ గట్టు మీద నిలబడి, "కాళ్లు గట్టిగ కొట్టున్రి మేడం" అని అరుస్తున్నాడు. నేను కొడుతున్నాననే అనుకుంటున్నాను. "ఏం కొడుతున్నరు మేడం, కాళ్లు కదుల్తనే లేవు," అన్నాడు. బయటికి వద్దామని నిచ్చెన మెట్టు మీద కాలు పెడితే ఒళ్లు పైకి లేవలేదు. ఆయనే చెయ్యందించి లాగాడు. పాదాల్లో చీమలు పాకుతున్నట్టు ఉంది. నిద్ర చాల్లేదేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

ఈత ఎందుకంటే, నాకు నలభై రాబోతున్నాయి. మాది కాకినాడ. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు, ఒక్క అన్నయ్య ఉన్నాడు. నేను పెళ్లి చేసుకోలేదు. ముప్పై తొమ్మిదో పుట్టినరోజు నాటికి చుట్టాలు నా పెళ్లి సంగతి అడగడం మానేశారని గమనించాను. అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను. అడగడం మానేశాక మాత్రం, నా గురించి ఇక అడగడానికేమీ లేదని అందరూ తేల్చేసుకున్నట్టు అనిపించింది. అప్పుడే అనుకున్నాను, నలభై వచ్చేలోపు నాకోసం కొన్ని పనులు చేసుకోవాలని. కారు నేర్చుకున్నాను. ఒక్కదాన్నే నడుపుకుంటూ శ్రీశైలం వెళ్లొచ్చాను. ముక్కూ మొహం తెలియని టూర్ వాళ్లతో వెళ్లి మంచు చూసొచ్చాను. ఫొటోలన్నీ ఎవరో ఒకర్ని బతిమాలి తీయించుకున్నవే. ఇక మిగిలింది ఈత. ఈ సంగతులేవీ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ప్రత్యేకంగా ఎవరూ తట్టలేదు.

ఆ రోజు కోకాపేటలోని మా ఆఫీసుకు వెళ్లాను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. క్యాంటీన్ మెట్లు ఎక్కుతుంటే పక్కన గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నా పక్క సీట్లో కూర్చునే స్వప్న వరంగల్ అమ్మాయి. చాలా ఏళ్లుగా రోజూ కలిసి కాఫీ తాగుతాం. "ఏందట్ల నడుస్తున్నవ్ హేమా? చెప్పు కరిచిందా?" అంది. అవునన్నాను.

సాయంత్రం ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళితే డాక్టరు బీ ట్వెల్వ్ విటమిన్ తక్కువై ఉంటుందన్నారు. మాత్రలు రాశారు. మర్నాడు పొద్దున బ్రష్ మీద పేస్టు పెట్టుకుందామంటే ట్యూబు నొక్కడానికి వేళ్లలో బలం లేదు. కుర్చీలోంచి లేవబోయి కింద కూలబడ్డాను. అన్నయ్య కాకినాడలో, స్వప్న ఊరికి అటు చివర ఉప్పల్లో. వాళ్లు వచ్చేదాకా ఆగాలా అని కాసేపు నేల మీదే ఆలోచించి, క్యాబ్ బుక్ చేసి, వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. అతనూ డ్రైవరూ చెరో పక్కా పట్టుకుని కారెక్కించారు.

ఆసుపత్రిలో వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు. కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, "మీతో ఎవరొచ్చారండీ?"

"ఎవరూ రాలేదండీ."

"అంటే, అటెండర్ ఎవరు? సంతకం చేయాలి కదండీ."

"నేనే చేస్తాను."

ఆమె నా వీల్‌చైర్ వెనక్కి తొంగి చూసింది, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని. ఆ చూపు నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. పెన్ను వేళ్ల మధ్య నిలవలేదు. నా సంతకం వేరే ఎవరిదోలా పడింది.

న్యూరాలజిస్ట్ గారు మా అన్నయ్య వయసు ఆవిడ. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు ఎగరలేదు. మడమ దగ్గర కొట్టారు, మోచేతి దగ్గర కొట్టారు. "రిఫ్లెక్సెస్ రావట్లేదు," అని పక్కనున్న జూనియర్‌తో అని, నావైపు తిరిగారు. "ఈ మధ్య జ్వరం గానీ, విరేచనాలు గానీ అయ్యాయా?"

అయ్యాయి. బయట తిన్నది పడక, అంతకు కొన్నాళ్ల ముందే విరేచనాలతో మంచమెక్కి లేచాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

"జీబీఎస్ అనుకుంటున్నాను. గిలాన్ బారే సిండ్రోమ్. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ పొరబడి మీ నరాల మీదే పడుతోంది. కాళ్లతో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి కండరాల దాకా వస్తుందేమో చూసుకుంటూ ఉండాలి. ఐసీయూలో ఉంచుతాం."

"తగ్గుతుందా డాక్టర్?"

"ఎక్కువమందికి తగ్గుతుంది. పెరుగుతుంది, ఒకచోట ఆగుతుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గడం మాత్రం చాలా నెమ్మది. మీకు ఓపిక ఉండాలి."

నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. కాళ్లకీ చేతులకీ చిన్న చిన్న షాకులు పెట్టి నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూస్తారు. తర్వాత నడుము దగ్గర వెన్నులోంచి సూదితో నీరు తీశారు. ముడుచుకుని పక్కకి పడుకోమన్నారు. ముడుచుకోవడానికి కాళ్లు రాకపోతే సిస్టర్ నా మోకాళ్లని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లకి తెలుస్తుంది, మనిషి చెయ్యి ఒంటికి తగిలి ఎంతకాలమైందో. సూది నొప్పికంటే దానికే కళ్లనీళ్లొచ్చాయి.

ఐవీఐజీ మొదలుపెట్టారు. సీసాలోంచి సన్నగా, గంటల తరబడి ఎక్కే మందు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే అన్నయ్య వచ్చాడు. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరు. విజిటింగ్ టైమ్‌లో గ్లాసు తలుపు తోసుకుని వచ్చి నా మంచం పక్కన నిలబడి, "ఏవే, ముందే ఫోన్ చేయొచ్చు కదే," అన్నాడు. నా పాదాలు పట్టుకున్నాడు. ఆయన పట్టుకున్నట్టు కళ్లకి కనిపిస్తోంది గానీ పాదాలకి తెలియడం లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

మందు ఎక్కుతుండగానే జబ్బు పెరిగింది. చేతులు పడిపోయాయి. మొహం రెండు వైపులా బిగుసుకుపోయింది. కళ్లు పూర్తిగా మూతపడవు, పెదవులు కలవవు, నీళ్లు తాగితే పక్కలకి కారిపోతాయి. డాక్టరు గారు వచ్చినప్పుడల్లా ఒకటే పరీక్ష. "గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టండి." ఆ లెక్క పూటపూటకీ ముందే ఆగిపోతోంది. ఒక మధ్యాహ్నం నేను ఆగిపోగానే ఆవిడ జూనియర్‌తో మెల్లగా అన్నారు, "వెంటిలేటర్ రెడీగా ఉంచండి."

నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆ మాట విన్నాక నేను దేవుణ్ని తలచుకోలేదు. చచ్చిపోతే నా ఫ్లాట్‌లో వస్తువులు ఎవరు సర్దుతారా అని ఆలోచించాను. ఫ్రిజ్‌లో పెరుగు ఉంది. అది ఎవరో తెలియని మనిషి పారబోస్తాడు.

వెంటిలేటర్ దాకా పోలేదు. ఊపిరికి సాయంగా పెట్టిన మాస్కుతో గడిచిపోయింది. ఒకరోజు లెక్క నిన్నటి దగ్గరే ఆగింది. మర్నాడూ అక్కడే. డాక్టరు గారు మొదటిసారి నవ్వారు. "ఆగింది. ఇక దిగడమే."

ఆడా మగా అందరూ ఉండే న్యూరో వార్డుకి మార్చారు. అన్నయ్యకి బడిలో పదో తరగతి పరీక్షల హడావిడి. సెలవు అయిపోయి, మనసు ఒప్పకపోయినా వెళ్లాడు. స్వప్న ఒకసారి వచ్చింది. నా మొహం చూసి ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు. రోజూ పొద్దున ఫోన్‌లో మెసేజ్ మాత్రం పెట్టేది. నేను దాన్ని తెరిచి చూడాలంటే సిస్టర్‌ని పిలవాలి.

పక్క మంచంలో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్. పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆయన భార్య యాదమ్మ. ఆయన్ని చూసుకుంటూనే నన్నూ చూసేది. నా జుట్టు దువ్వేవాళ్లు లేక అట్టలు కట్టింది. కత్తిరించేయమని సిస్టర్‌తో అంటున్నాను. యాదమ్మ విని లేచొచ్చింది.

"ఎందుకు చెల్లె కత్తిరిచ్చుడు? ఇంత పొడుగు జుట్టు. నేను దువ్వుత గని, జర ఓపిక పట్టు."

ఆ మధ్యాహ్నమంతా కొబ్బరినూనె రాసి చిక్కులు తీసి, రెండు జడలు వేసింది. మంచం మీద పడుకునేదానికి వెనక ఒక్క జడైతే ఒత్తుకుంటుందట. దువ్వుతూ అడిగింది, "నీకెవ్వలు లేరా?" ఉన్నారన్నాను. "మరి ఏరి?" అంది. ఆమె నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే ఎక్కడున్నారని అడిగింది.

కొన్నాళ్లకి వాళ్లు డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. నా ఫోన్‌లో ఆమె నంబరు తనే నొక్కి పెట్టింది. ఆ మంచంలోకి వేరే పేషెంట్ వచ్చాడు. నేను కొన్నాళ్లు అటువైపు తిరగలేదు.

ఇంటికొచ్చాక అన్నయ్య కాకినాడ రమ్మన్నాడు. వాళ్లది మేడ మీద వాటా, లిఫ్ట్ లేదు. డాక్టరూ ఫిజియో ఇక్కడే అని ఉండిపోయాను. పగలు కేర్‌టేకర్ ఒకావిడ ఉండి సాయంత్రం నన్ను పక్క మీదికి చేర్చి వెళ్లేది. ఆ తర్వాత దాహం వేసినా వేయనట్టే ఉండేదాన్ని.

ఫిజియో పేరు షబానా. మొదటిరోజే అడిగింది, "అక్కా, మీ గోల్ ఏంటి?"

నాకు నవ్వొచ్చింది గానీ మొహం కదలలేదు. కొన్ని నెలల కిందట అడిగితే ఈత అనేదాన్ని. "నా జడ నేనే వేసుకోవాలి," అన్నాను.

"మంచి గోల్. అది కొంచెం పైకి ఉంది. ముందు చెంచా పట్టుకుందాం. ఫికర్ చేయకండి."

చెంచా వచ్చింది. బొత్తాలు వచ్చాయి. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వచ్చాను. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి వారంపాటు మంచం మీదే ఉంటే, వచ్చిన బలం సగం పోయింది. మళ్లీ మొదటికే వచ్చిందనుకుని షబానా మీద అరిచాను. ఆమె ఏమీ అనుకోలేదు. "రేపొస్తా," అని వెళ్లి, అన్నట్టే వచ్చింది.

నలభయ్యో పుట్టినరోజు అలాంటి రోజుల్లోనే వచ్చింది. టీమ్ వాళ్లు వీడియో కాల్ పెట్టారు. అందరూ పాట పాడారు. "హేమక్కా, కెమెరా ఆన్ చెయ్యి," అన్నారెవరో. నా మొహం అప్పటికింకా నవ్వదు. ఆన్ చేయలేదు. ఒక్క వేలితో థాంక్యూ అని టైప్ చేశాను. కాల్ అయిపోయాక స్క్రీన్ నల్లబడి, అందులో నేనే కనిపించాను.

షబానా వచ్చి చెయ్యి ఎత్తమంది. ఎత్తితే చెవి దాకా వెళ్లి ఆగిపోయింది. "ఇంకొంచెం, చెవి దాటాలి అక్కా."

"ఈరోజుతో నాకు నలభై షబానా," అన్నాను. ఆ సంగతి ఒక మనిషికి ఎదురుగా చెప్పడం ఆ రోజు అదే మొదటిసారి.

"అరే, ముందే చెప్పాలి కదా! హ్యాపీ బర్త్‌డే అక్కా." నా చేతిని అలాగే పట్టుకుని నొక్కింది. "ఇప్పుడు ఇంకో అయిదుసార్లు ఎత్తండి."

వానాకాలం మొదలయ్యాక, ఒక ఆదివారం జడ పూర్తయింది. వంకరగా, వదులుగా ఉంది. చివర రబ్బరు బ్యాండు వేయడానికే చాలాసేపు పట్టింది. అద్దంలో చూసుకున్నాను. ఎవరికి చూపించాలో తోచలేదు. యాదమ్మకి ఫోన్ చేశాను.

"ఎవలు?"

"నేను యాదమ్మక్కా, హేమని. ఆసుపత్రిలో పక్క మంచం."

"ఏ మంచం?"

"నువ్వు జడలు వేసేదానివి."

"ఓ, జడల చెల్లెనా! నడుస్తున్నవా?"

"నడుస్తున్నాను. ఈరోజు జడ నేనే వేసుకున్నాను."

"మంచిగ చేసినవ్." అటువైపు గిన్నెల చప్పుడు. మీ ఆయనకి మాటలొచ్చాయా అని అడిగాను. "మాటలింక రాలే. తిట్లు మాత్రం మంచిగ వస్తున్నయి," అని నవ్వింది. నేనూ నవ్వాను. చేతితో తడిమి చూసుకున్నాను, కుడిపక్క పెదవి లేచింది.

ఇప్పుడు నాకు నలభై ఒకటి దాటాయి. ఆఫీసుకు వారంలో కొన్ని రోజులు వెళ్తాను. ఎడమ పాదం కిందికి వాలిపోకుండా బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుంటాను. సాయంత్రమయ్యేసరికి పాదాలు మొద్దుబారతాయి. ఈత రాలేదు. పక్కన మనిషి ఉంటే నీళ్లలోకి దిగొచ్చని డాక్టరు గారు అన్నారు. ఇంకా దిగలేదు. నలభై లోపు అనుకున్నవాటిలో ఏది మిగిలిందని ఇప్పుడు లెక్క చూసుకోవడం లేదు. ఒంటరితనం తగ్గిందని కూడా చెప్పలేను. జబ్బు అన్నిటినీ మార్చదు.

ఒక పని మాత్రం చేశాను. ఆఫీసులో కాఫీ తాగుతూ స్వప్నని అడిగాను. "మళ్లీ ఎప్పుడైనా నేను ఆసుపత్రిలో పడితే అటెండర్‌గా నీ పేరు చెప్పొచ్చా?" అడగడానికి అన్నాళ్ల నుంచి మాటలు కూర్చుకున్నాను.

స్వప్న కప్పు కింద పెట్టింది. "ఆ రోజు నిన్నట్ల చూసి తట్టుకోలేకపోయిన. మళ్ల రావాలంటే భయమైంది," అంది. తర్వాత, "చెప్పు, నా పేరే చెప్పు. గని ఇన్నేళ్లైనా నీ ఇల్లెక్కడో నాకు తెల్వదు హేమా. ముందు ఒకసారి అన్నానికి పిలువు," అంది.

పిలిచాను. వంకాయ కూర కొంచెం మాడింది. అయినా మళ్లీ వడ్డించుకుంది.

కాళ్లలో మొదలైన నీరసం పైకి పాకుతుంటే ఆ రోజే న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలని మీకు డాక్టర్లు చెబుతారు. నాలా ఒంటరిగా ఉండేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. ఆసుపత్రి కౌంటర్‌లో ఎవరి పేరు చెబుతారో ఒంట్లో బాగున్నప్పుడే ఆ మనిషిని నోరు తెరిచి అడగండి. వస్తారులే అని మనసులో అనుకుని ఊరుకోవద్దు. అడిగాక, వాళ్లని ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి. దారి తెలియాలి కదా.