గ్రిల్ వెనక కొండదారి

చూపు మందగించిందని స్టీరింగ్ మీంచి దింపేశాక, పెద్ద డ్రైవరు అదే కంపెనీ షెడ్డులో బళ్లు కడిగే పనిలో కుదురుకున్నాడు. పదకొండేళ్లు తాను నడిపిన పికప్పు ఇప్పుడు బావమరిది చేతిలో ఉంది. అది షెడ్డులోకి వస్తే ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వడు. ముందుగా బండి ముందుభాగంలోని గ్రిల్ జాలీ మరలు విప్పి గుడ్డ మీద వరసగా పేర్చుకుంటాడు. రేడియేటరు ముందు ఇరుక్కున్న చెత్తను పాత టూత్‌బ్రష్షుతో పైనుంచి కిందికి మెల్లగా దువ్వుతాడు. ఎండుటాకులు, మిడతల కాళ్లు, ఈకలు రాలుతుంటే బండి ఏ దారిన వెళ్లొచ్చిందో ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ వేళ గుప్పెడు పసుపుపచ్చ సీతాకోకచిలుక రెక్కలు రాలాయి. అంటే కొండదారి. పదకొండేళ్లలో తనకు ఒక్కసారి కూడా పడని డ్యూటీ అది. అది వీడికి దక్కిందని అసూయ పుట్టింది. రాలిన చెత్తనంతా పోగుచేసి మళ్లీ లోపలికే కుక్కి, గ్రిల్ బిగించేశాడు. రేపు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి, వాడు నడిరోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడాలి.

అంతలో బావమరిది తాళాల కోసం వచ్చాడు.

"అయిపోయిందా బావా? నువ్వు చెయ్యి పెట్టాక నేనింక బానెట్ ఎత్తి కూడా చూడను."

పెద్ద డ్రైవరు తాళాలు ఇవ్వబోయి ఆగాడు.

"ఉండరా. ఒక మర వదులుగా ఉంది."

మళ్లీ అన్నీ విప్పాడు. కుక్కిందంతా ఒక్క ఆకు మిగలకుండా లాగేశాడు.

"ఏరా, కొండ మీద బాగుంటుందా?" తలెత్తకుండా అడిగాడు.

"అబ్బ, ఏం చెప్పమంటావు బావా! పొద్దున్నే మబ్బులు రోడ్డు మీదికే..."

"సర్లే, ఇక చెప్పకు," అని తాళాలు వాడి చేతిలో పెట్టాడు.