రెండు చెంచాల పాపం

టోర్డిస్ ఆ చిన్న రేవు ఊళ్లో మద్యపాన వ్యతిరేక మహిళా సంఘానికి పందొమ్మిదేళ్లుగా అధ్యక్షురాలు. ఆవిడ ఎదురుపడితే జాలర్లు దగ్గుమందు సీసా కూడా జేబులో దాచేసేవారు. అంతటి మనిషీ ఏటా నవంబరులో ఊలు కొంటానని బస్సెక్కి క్రిస్టియన్‌సాండ్ పట్నం వెళ్లేది. అక్కడి సర్కారు మద్యం దుకాణంలో చిన్న బ్రాందీ సీసా ఒకటి కొనుక్కుని, ఊలు ఉండల మధ్య పడుకోబెట్టి గుట్టుగా ఇంటికి తెచ్చేది.

తాగడానికి కాదు సుమండీ, క్రిస్మస్‌కి వేయించే 'పేదవాడి బిళ్లల' కోసం. పేరుకే పేదవాడు, పది గుడ్ల సొనలు, చిక్కటి మీగడ, ఏలకుల పొడి పడితేగానీ వాడి కడుపు నిండదు. పిండి పలచగా వత్తి, ముక్కలు కోసి, నడుమ గాటు పెట్టి, ఒక కొస అందులోంచి లాగి, కాగే పందికొవ్వులో వెయ్యాలి. పిండిలో రెండు చెంచాల బ్రాందీ పడిందా, కరకరలాడుతూ తేలతాయి. పడలేదా, కొవ్వంతా పీల్చేసి చతికిలబడతాయి. ఒక ఏడాది టోర్డిస్ దేవుడికి భయపడి బ్రాందీ మానేసింది. ఆ క్రిస్మస్ తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఈ ఏడు పక్కింటి కొత్త కోడలు రాగ్నీ చీటీ, పెన్సిలు పట్టుకుని వచ్చింది.

"పిన్నీ, సంఘం కాఫీ విందుకి ఈసారి పేదవాడి బిళ్లలు నన్నే చేసి తెమ్మంది మా అత్త. మీ పాళ్లు చెబుదురూ. పాడైతే ఈస్టర్ దాకా దెప్పుతుంది."

టోర్డిస్ సొనలు చెప్పింది, మీగడ చెప్పింది, పిండి చెప్పింది.

"అంతేనా పిన్నీ?"

"అంతేనమ్మా."

విందు రోజున ప్రార్థనా మందిరంలో కాఫీ బల్ల మీద ఇద్దరి పళ్లేలూ పక్కపక్కనే పెట్టారు. రాగ్నీ బిళ్లల కింద కాగితం కొవ్వుతో నానిపోయింది. అత్తగారు గున్‌వోర్ ఒకటి రెండు వేళ్లతో ఎత్తి చూపించింది.

"మా కోడలు కొవ్వొత్తులు పోసుకొచ్చింది. ఒత్తి ఒక్కటే తక్కువ."

బల్ల చుట్టూ నవ్వులు.

"పిన్ని చెప్పినట్టే చేశానత్తా" అంది రాగ్నీ.

"చాల్లే, ఆవిడ పాళ్లకి వంక పెడుతున్నావా? పనితనం చేతిలో ఉండాలి."

రాగ్నీ తన పళ్లేన్ని మెల్లగా ఒళ్లోకి లాక్కుని, మీద రుమాలు కప్పింది. టోర్డిస్ అంతదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చునుంది. ఆ రుమాలు చూశాక మాత్రం ఆవిడకి సిగ్గేసింది. కుర్చీ పోతుందన్న భయం కంటే ఆ సిగ్గే ఎక్కువైంది. లేచి నిలబడింది.

"పిల్ల తప్పేం లేదు. నేనే సగం చెప్పి సగం మింగాను. నా పిండిలో రెండు చెంచాల బ్రాందీ పడుతుంది. పందొమ్మిదేళ్లుగా, ఒక్క ఏడు తప్ప, మీరంతా తింటున్నది అదే. ఇక ఈ కుర్చీ ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం."

అందరూ ఎవరి కప్పులోకి వాళ్లు చూసుకున్నారు. సంఘాన్ని పెట్టిన మాలేనే అనే ముసలమ్మ, తొంభై ఏళ్ల మనిషి, టోర్డిస్ పళ్లెంలోంచి ఒక బిళ్ల తీసుకుని, ఉన్న నాలుగు పళ్లతో తీరిగ్గా నమిలింది.

"రెండేనా?" అంది. "అదీ సంగతి. నీ బిళ్లలెందుకు కాస్త మెత్తబడతాయా అని ఇన్నేళ్లూ అనుకుంటున్నా. మూడు వెయ్యాలే పిల్లా."