ఆ మాట నా రోగం పేరు

ఆ రోజు పొయ్యి మీంచి పెనం దించుతుంటే మాడు వాసన వచ్చింది. అట్టు మాడిందేమో అని చూశాను. మాడింది నా చిటికెన వేలు. బొబ్బ లేచింది గాని మంట లేదు.

"చెయ్యి కాల్తే తెలనేదేటే నీకు?" అని మా ఆయన అప్పారావు కంగారుపడ్డాడు. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు మాది.

అప్పటికే చాలాకాలంగా నా మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. ఊళ్లోనే ఖరిదా బజారులో చూపిస్తే డాక్టరు తామర అన్నాడు. ఒక ఆయింట్‌మెంట్ అయిపోతే ఇంకొకటి రాశాడు. ఒక్కసారైనా దాని మీద వేలు పెట్టి, స్పర్శ తెలుస్తోందా అని అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

వేలు కాలాక పెద్దాసుపత్రికి వెళ్లాం. స్కిన్ డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. నన్ను కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూదితో తాకి, "బోలియే దీదీ, కహాఁ ఛూ రహీ హూఁ?" అని అడిగింది. ఎక్కడ తాకుతున్నదో చెప్పమని.

"ఇంకా తాకలేదు కదమ్మా" అన్నాను.

వీపు మీద నాకు తెలియని మచ్చలూ దొరికాయి; చర్మం గీరి స్కిన్ స్మియర్ పరీక్షకు పంపారు. లెప్రసీ. తెలుగులో కుష్ఠు.

"ఎం.డి.టి. మాత్రలు ఏడాది వాడాలి. మందు మొదలుపెడితే ఇక మీ నుంచి ఎవరికీ అంటదు. అందరితో కలిసి తినండి" అని హిందీలో చెప్పింది డాక్టరమ్మ.

నేను పుట్టుకతో క్రైస్తవురాలిని. ఝపటాపూర్ పేటలోని మా తెలుగు సంఘంలో ప్రేమవిందు ఉంటే పప్పుచారు నా చేతిదే. డాక్టరమ్మ కలిసి తినమంది. సంగతి పాకగానే నా సంఘం వద్దంది. సంఘపెద్ద రూతమ్మ పిన్ని మా గేటు అవతలే నిలబడి, "నీ మీద పేమ నేక కాదే అమ్మా. జనం ఏటేటో అంతన్నారు. కొన్నాల్లు వంటకి రాకే" అంది. ప్రభువు బల్ల దగ్గర అందరూ ద్రాక్షరసం తాగే గిన్నె నన్ను దాటిపోయింది. నాకు వేరే స్టీలు గ్లాసు పెట్టారు. ఆ రోజు నుంచి ప్రార్థన మానేశాను.

మందు మొదలైన కొన్ని నెలలకు మచ్చలు ఎర్రగా ఉబ్బాయి. మోచేతిలో కరెంటు కొట్టినట్టు నొప్పి. రెండు వేళ్లు వంకర తిరిగాయి. "ఇది ఈ రోగంలో వచ్చే రియాక్షన్. నర్వ్ దెబ్బతింటోంది" అని అడ్మిట్ చేసి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. దాంతో ముఖం వాచిపోయింది.

ఆ వార్డులోనే ఒక మధ్యాహ్నం సువార్త తెరిచాను. కుష్ఠరోగి ప్రభువు ముందు మోకరించిన ఘట్టం. చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ ఆయన ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడనీ, స్వస్థత ఆ తర్వాతే వచ్చిందనీ నేనెప్పుడూ గమనించలేదు. రోగం ఉండగానే ముట్టుకున్నాడు! నన్ను గేటు బయట నుంచి చూసినవాళ్ల ముఖాన్నే ఆయన ముఖం అనుకుని ఇన్నాళ్లూ ఆయన మీద అలిగాను. వెక్కివెక్కి ఏడ్చాను. "ప్రభువా, ఈ చేతులు నీవి. పని చెప్పు" అన్నాను. కోపం మాత్రం పోలేదు. అది ఎవరి మీద ఉండాలో తెలిసింది.

డిశ్చార్జి అయ్యాక వచ్చిన ఆదివారం మా సంఘం గుడికి వెళ్లాం. పాస్టరుగారు వాక్యం చెబుతూ, "పాపం కుష్ఠులాంటిది. అంటుకుంటుంది, కుళ్లబెడుతుంది" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారండీ, ఆ మాట నా రోగం పేరండి. మాత్రలు మింగి బాగవుతన్నాను. నన్ను పాపానికి పోలిక సెయ్యకండి. ప్రభువు ముట్టుకున్నాడు. మీరు గళాసు మార్చినారు!"

అప్పారావు కూడా లేచి నా పక్కన నిలబడ్డాడు.

అయ్యగారు క్షమాపణ అడగలేదు. తర్వాతి ప్రభువు బల్ల నాడు మాత్రం అందరి గిన్నే నా దగ్గరకు వచ్చింది. రూతమ్మ పిన్ని ఇప్పటికీ నా పక్కన కూర్చోదు.

నా కోర్సు పూర్తయింది. రెండు వేళ్లు పూర్తిగా చాపలేను. డాక్టరమ్మ అనుమతితో వారానికోసారి స్కిన్ ఓ.పి.లో కూర్చుంటాను. కొత్తగా రోగం పేరు విని కుప్పకూలినవాళ్లతో మాట్లాడటం నా పని. మొన్న ఒకామె కొంగులో చెయ్యి దాచుకుని, "నన్ను ముట్టుకోకు దీదీ" అంది.

"ముట్టుకోడానికే వొచ్చినాను" అని ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. ఒంటి మీద పాలిపోయిన మచ్చ గాని, ఎర్రటి మచ్చ గాని ఉంటే కళ్లు మూసుకుని, ఎవరిచేతనైనా దూదితో తాకించుకోండి. తెలియకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగకండి. వంగిపోయిన మీ వేళ్లను ఆ నలుగురూ వచ్చి చాపలేరు.