మూప్ అనే మాట, మేత ముట్టని గొర్రె

సర్కారు గొర్లు ఇచ్చిన ఏడు నేను మక్తల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీషు నిఘంటువు తిరగేయడమంటే నాకు సినిమా చూసినంత సంబరం. బాపు షాద్‌నగర్ కంపెనీలో పని మానేసి, ఆ గొర్లనే నమ్ముకుని ఇంటికొచ్చాడు. ఇన్నేళ్లకు బాపు మాతోనే ఉంటున్నాడని నేను గాల్లో తేలుతున్నాను.

వచ్చిన గొర్లలో ఒక చిన్నది మేత ముట్టలేదు. పెద్దవి కుమ్ముతాయని బాపు దాన్ని ఇంటి వెనక నీడలో విడిగా కట్టేసి, లేత సుబాబుల్ కొమ్మలు ముందు పెట్టాడు. అది మూతి తిప్పేసుకుంది. పశువుల డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు.

"గొర్లను సాకుడు నాతోని అయితలేదు బిడ్డా. గిది పోతే మళ్ల కంపెనీకే పోత," అన్నాడు బాపు. నాకు ఏడుపొచ్చింది.

దిగులు మరవడానికి నిఘంటువు తెరిస్తే కంటపడింది, మూప్. స్కాట్లాండ్ వాళ్ల మాటట. కొంచెం కొంచెంగా కొరుక్కు తినడం. మన గొర్లు చిగుళ్లు కొరికే తీరంతా కళ్ల ముందుకొచ్చి ఒళ్లు పులకరించింది. ఎక్కణ్నుంచి పుట్టిందో తెలియదని రాశారు. తెలియకపోవడమేమిటి, గొర్రె పెదాలాడించే చప్పుడులోంచే పుట్టి ఉంటుందని నేను అక్కడికక్కడే తేల్చేశాను. రెండో అర్థం చదివి మాత్రం దిగ్గున లేచాను. ఒకరితో కలిసిమెలిసి ఉండడం. మేతకూ తోడుకూ ఒకే మాట. మేమేమో ఆ చిన్నదాన్ని ఒంటరిగా కట్టేశాం.

పరుగెత్తుకెళ్లి తాడు విప్పేశాను. బాపు అడ్డమొచ్చాడు.

"ఏం జేస్తున్నవే?"

"జర మందల కలుపుదాం బాపూ. బుక్కుల ఉన్నది."

"గొర్లకు గూడ బుక్కులున్నయా?" అన్నాడు గానీ తాడు లాక్కోలేదు.

దొడ్లో మంద కొమ్మల మీద పడి మేస్తోంది. లోపలికి వదలగానే చిన్నది ఒక ముసలి గొర్రె పక్కకు చేరి, దానికి ఒళ్లానించి నిలబడింది. ముసలిది ఆకు లాగి నములుతుంటే అటే చూసింది. మెల్లగా మూతి చాచింది. ఒక ఆకు కొరికి ఆగింది. మళ్లీ ఇంకొకటి. బాపు చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఇక అది ఆగలేదు. పెదాలు చకచకా ఆడిస్తూ కొమ్మకున్న ఆకంతా దూసేసింది.

బాపు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దుగాల్నే లేపు బిడ్డా," అన్నాడు. "మందను గుట్టకు తోలుకపోవాలె."